అంగుళంన్నర తేడా

చిట్టి చేతులకి ఊరుకోవడం తెలియదు. ఆమె గొప్పా అదే, తంటా అదే. బస్సులో ముందు సీటు మనిషి కాలరు మడత తప్పి కనిపిస్తే సరిచేయకుండా ఉండడానికి రెండు చేతులూ ఒళ్ళో ముడుచుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చోవాల్సి వస్తుంది. ఇరవై ఏళ్ళ దర్జీ పని మరి. అసలు పేరు కాగితాల్లో ఎక్కడో ఉంది గానీ, నాలుగడుగుల పది అంగుళాల మనిషిని వీధి వీధంతా చిట్టి అనే పిలుస్తుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళు వచ్చి, చెవుల పక్కన నాలుగు తెల్ల వెంట్రుకలు తేలినా ఆ పిలుపు పెద్దది కాలేదు.

ఆ డిసెంబరులో చిట్టికి ఒక సంబంధం వచ్చింది. తెచ్చింది అక్క. పెళ్ళికొడుకు రెండు వీధుల అవతల కళ్ళజోళ్ళ కొట్టు ఆయన. సంబంధం చెడ్డదైతే ఒక్క మాటతో వదిలిపోయేది. చెడ్డది కాకపోవడమే చిక్కు. ఆయన నెమ్మదస్తుడు, సొంత కొట్టున్నవాడు, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడేవాడు. చూడ్డానికి వచ్చిన రోజు చిట్టి కుట్టు మిషను వంక చాలాసేపు చూసి, "పెళ్ళయ్యాక మీకీ కష్టం ఉండదు లెండి. సూదిపని కళ్ళకి మంచిది కాదు, మానేయొచ్చు" అన్నాడు. నిజంగా ఆమె మంచికే అన్నాడు. చిట్టి మాత్రం లేచి వెళ్ళి మిషను మీద చెయ్యి వేసి నిలబడింది.

కాదని చెప్పేద్దామంటే అక్క ఊరుకోదు. "మొన్న వానాకాలం జ్వరం మర్చిపోయావా?" అంటుంది. మర్చిపోలేదు. మూడు రోజులు ఒళ్ళు తెలియని జ్వరం. లేచి మంచినీళ్ళు తెచ్చుకోలేక, పిలిస్తే పలికేవాళ్ళు లేక, మూడో రోజు సాయంత్రం అక్క వచ్చి తలుపు బద్దలు కొట్టించేదాకా అలాగే పడి ఉంది. ఆ మూడు రోజులు గుర్తొస్తే చిట్టికి ఇప్పటికీ నోరు ఎండిపోతుంది. కొత్త సంవత్సరం మొదటి రోజుకి అవునో కాదో చెప్పమని అక్క గడువు పెట్టింది. చిట్టి మనసు సగానికి సగం అవును వైపే ఒరిగింది, ఇష్టం వల్ల కాదు, భయం వల్ల.

అలాంటప్పుడు ఇళ్ళ మార్పిడి మాట వచ్చింది. చిట్టి దగ్గర బట్టలు కుట్టించుకునే లైబ్రరీ మేడం సెలవుల్లో ఇళ్ళు మార్చుకునేవాళ్ళ జాబితా ఒకటి నడుపుతుంది. మీ ఇంట్లో వాళ్ళుంటారు, వాళ్ళ ఇంట్లో మీరుంటారు, పైసా ఖర్చులేదు. సముద్రం పక్కనున్న చిన్న ఊళ్ళో ఒక వడ్రంగికి ఈ ఊళ్ళో ఇల్లు కావాలిట. చెల్లెలు ప్రసవించింది, ఆమె ఇంట్లో అత్తవారి బంధువులే సర్దుకోలేకపోతున్నారు, చిట్టి ఇల్లేమో ఆ వీధికి నాలుగడుగుల దూరం. "పదకొండు రోజులు సముద్రం చూస్తూ ఆలోచించుకో" అంది మేడం. ఇద్దరూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టారు. అందులో నాలుగు షరతులున్నాయి. చివరిది: ఇల్లు ఎలా ఉందో అలాగే ఉంచాలి, దేన్నీ మార్చకూడదు.

డిసెంబరు ఇరవై రెండున చిట్టి ఆ ఊళ్ళో బస్సు దిగింది. పక్కింట్లో ఉండే రిటైరైన నర్సు తాళంచెవి ఇచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, ఎదుటివాళ్ళ చెయ్యి పట్టుకుంటే నాడి చూసి గానీ వదలదు. గంటలో ఆమె చిట్టికి పెద్దమ్మ అయిపోయింది.

ఇల్లు చిన్నది, శుభ్రంగా ఉంది. వంటగది బల్ల మీద వడ్రంగి పెన్సిలుతో రాసిన కాగితం: వేడినీళ్ళు ఎడమ కుళాయి, వెనక తలుపు పైకెత్తి నెట్టాలి, రొట్టె డబ్బా పై అరలో. సొరుగులన్నీ వేలితో తోస్తే కదిలేంత నునుపుగా ఉన్నాయి. కానీ చిట్టి కన్ను తప్పుల మీదే పడుతుంది కదా. తువ్వాలు కొక్కేల్లో ఎడమది కుడిదాని కన్నా కిందకి ఉంది. పనిముట్ల గోడకి కొట్టిన అరల్లో ఎడమ అర కిందకి ఉంది. "పేరుకి వడ్రంగి, సొంత గోడకి అర తిన్నగా కొట్టుకోలేకపోయాడు" అని నవ్వుకుంది.

మర్నాడు పొద్దున టీ తాగుతూ ముందు గది తలుపు వెనక చూసింది. బూడిదరంగు కోటు వేలాడుతోంది. మంచి ఉన్ని, మంచి కుట్టు. ఒక్కటే లోపం. ఎడమ భుజం కుడిదానికన్నా ఉబ్బెత్తుగా లేచి ఉంది. చిట్టి టీ అక్కడ పెట్టి, లైనింగు పక్కకి తీసి చూసింది. లోపల ఎవడో చేతకానివాడు కుడివైపు ఒక వరస మెత్త వేసి, ఎడమవైపు మూడు వరసలు కుక్కాడు. ఆమెకి ప్రాణం విలవిల్లాడింది. షరతు గుర్తు రాలేదా అంటే వచ్చింది. "కోటు ఇల్లెలా అవుతుంది?" అని తనకి తనే సర్దిచెప్పుకుంది. కందకి లేని దురద కత్తిపీటకెందుకు అని పెద్దలు ఊరికే అనలేదు. గంటన్నరలో కుట్లు విప్పి, అదనపు మెత్త లాగేసి, రెండు భుజాలూ ఒక్కలా కూర్చోబెట్టి, కంటికి కనబడని కుట్టు వేసింది. మిగిలిన మెత్తని పారేయడం ఇష్టం లేక పేలికలుగా కత్తిరించి, గాలికి దడదడలాడే వంటగది కిటికీ సందుల్లో కుక్కింది. చేసిన మేలుకి ఆ రోజంతా హాయిగా ఉంది.

సాయంత్రం ఫోను మోగింది.

"నమస్కారమండీ. నేను... మీ ఇంట్లో ఉంటున్నాను."

"చెప్పండి. నేనూ మీ ఇంట్లోనే ఉన్నాను."

అవతల మనిషి గొంతు సవరించుకున్నాడు. ఏదో శుభవార్త చెప్పబోయే వరసే. "మీ కత్తిరింపు బల్ల చూశానండీ. మరీ కిందకుంది. ఎవడు చేశాడో గానీ కొలత తెలియనివాడు. దాని మీద వంగి పనిచేస్తే నడుం ఏమైపోవాలి? అందుకని నాలుగు కాళ్ళకీ నాలుగేసి అంగుళాల దిమ్మలు బిగించాను. రసమట్టం పెట్టి చూశాను, వెంట్రుకవాసి తేడా లేదు."

చిట్టి దిగ్గున లేచి నిలబడింది. "నా ఎత్తెంతో తెలుసా మీకు?"

"తెలియదండీ."

"నాలుగడుగుల పది అంగుళాలు."

అవతల లెక్క నడుస్తున్నట్టుంది. "అయ్యో" అన్నాడు చివరికి.

"అయ్యో ఏంటండీ అయ్యో! పక్కన కూర్చుని మరీ కోయించుకున్న బల్ల అది. ఇప్పుడు గుడ్డ కత్తిరించాలంటే నేను పీటెక్కాలి. మనిషిని చూడకుండా బల్ల కొలత మార్చేస్తారా ఎవరైనా? సంతకం పెట్టారు కదా, దేన్నీ మార్చనని? మీ ఊళ్ళో సంతకానికి విలువ లేదా?"

"తప్పయిపోయిందండీ. ఇప్పుడే దిమ్మలు తీసేస్తాను. కనబడితే చేతులు ఊరుకోవు, అదొక రోగం నాకు. ఇంకో మాట ఉంది. అడగడానికి మొహం చెల్లడం లేదు. ఆదివారం మా చెల్లెలి పాపకి బాప్తిస్మం. పాపని నేనే ఎత్తుకు నిలబడాలిట. ఇక్కడికొచ్చాక చెప్పారు. ముందు గది తలుపు వెనక బూడిదరంగు కోటుంటుంది. నా ఒంటికి కుదిరే కోటు అదొక్కటే. బస్సులో పార్సిలు వేస్తారా?"

చిట్టి చూపు తలుపు వైపు వెళ్ళింది. రెండు భుజాలూ తిన్నగా, ముచ్చటగా వేలాడుతోంది కోటు. ఒంటికి కుదిరే కోటు అదొక్కటే అన్న ముక్క ఆమె చెవిలో ఉండిపోయింది. ఇరవై ఏళ్ళలో ఎప్పుడూ రానంత ఆలస్యంగా ఆమెకి బుద్ధి వచ్చింది. "సరే" అని మాత్రం అని, తేలు కుట్టిన దొంగలా ఫోను పెట్టేసింది.

నర్సు పెద్దమ్మ ఇంటికి పరుగెత్తింది. పెద్దమ్మ కాగితపు నక్షత్రానికి జిగురు రాస్తోంది.

"ఈ ఇంటాయన భుజాలు రెండూ సమానమేనా పెద్దమ్మా?"

"నీకెవరు చెప్పారు?" అంది ఆవిడ. "ఆరేళ్ళ కిందట పరంజా మీంచి పడ్డాడు. ఎడమ భుజం విరిగింది. అతుక్కోవడం అతుక్కుంది గానీ కిందకి అతుక్కుంది. కట్టు కట్టింది నేనే. కుదిరిన పెళ్ళి కూడా అప్పుడే తప్పింది. పిల్ల మంచిదే, పెద్దవాళ్ళు భయపడ్డారు. మనిషి పైకి ఏమీ అనడు. ఫోటో తీస్తామంటే మాత్రం చివరికెళ్ళి నిలబడతాడు, ఎవరి వెనకైనా. మా ఊళ్ళో ముసలి దర్జీ ఒకాయనుండేవాడు. ఆయన నెల రోజులు కూర్చుని కుట్టాడు ఆ కోటు. అది వేసుకుంటే చాలు, తల ఎత్తుకు నడుస్తాడు. ఆ దర్జీ పోయి రెండేళ్ళయింది."

చిట్టి ఇంటికొచ్చి దీపం వేసి నిలబడింది. కిందకున్న కొక్కెం, కిందకున్న అర. ఒక్కటీ తప్పు కాదు. ఎడమ చెయ్యి ఎంతవరకు లేస్తుందో అక్కడ కొట్టుకున్నాడు. చేతకానివాడని తను నవ్విన ముసలి దర్జీ, ఒక మనిషి తల ఎత్తుకు నడవడానికి ఎన్ని వరసల మెత్త కావాలో కొలిచి మరీ పెట్టాడు. దాన్ని తను కిటికీ సందులో కుక్కింది. మనిషిని కొలిచాకే గుడ్డని ముట్టుకోవాలని పని నేర్చుకునే రోజుల్లో మొట్టమొదట నేర్చుకున్న పాఠం. గంట కిందట ఫోనులో అతన్ని తిట్టిన తిట్టు కూడా అదే. చిట్టి బల్ల ముందు కూర్చుని తనివితీరా ఏడ్చింది.

తెల్లారి, కిటికీలోంచి పేలికలు ఏరి తెచ్చి అతికించి చూసింది. ఉన్ని ఉంది గానీ ఆకారం పోయింది. అందాజాగా వేసి పంపితే ఎవరికీ తెలియదు. అరంగుళం అటో ఇటో అయితే అద్దంలో తన భుజం చూసుకుని, మళ్ళీ ఇంకా వంగిపోయిందనుకుంటాడు పాపం, దర్జీని తప్పు పట్టడు. ఆ ఆలోచనకి తట్టుకోలేక చిట్టి ఫోను తీసింది.

"మీ కోటు భుజం నేను బాగుచేశాను" అంది. "అంటే పాడుచేశాను. ఎడమవైపు మెత్త తీసేశాను. మీ సంగతి తెలియదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. నిన్న మిమ్మల్ని అన్ని మాటలన్నాను, అప్పటికే చేసేశాను నేను."

అవతల్నుంచి వింత శబ్దమొకటి వచ్చింది. కోపం అనుకుంది. ఏడుపేమోనని భయపడింది. కాదు, నవ్వు. ఆపుకోలేక, ఊపిరి అందక నవ్వుతున్నాడు.

"సంతకానికి విలువ..." అన్నాడు, పూర్తి చేయలేకపోయాడు. "దొందూ దొందేనండీ మనం!"

చిట్టికి కూడా నవ్వొచ్చేసింది. నవ్వుతూనే ముక్కు తుడుచుకుని, "నవ్వింది చాలు. గోడకి వేలాడే టేపు తీయండి. నా ట్రయల్ అద్దం ముందు నిలబడండి. నేను చెప్పినట్టు కొలవండి" అంది.

ఒంటరిగా ఉన్న మనిషి తన భుజం తను కొలుచుకోవడం ఎంత కష్టమో ఆ పొద్దున ఇద్దరికీ తెలిసింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుంటే భుజం లేస్తుంది, కొలత తప్పుతుంది. కింద పెడితే మాట వినబడదు. చివరికి ఫోను స్పీకరు పెట్టి కుట్టుమిషను మీద నిలబెట్టాడు.

"మెడ వెనక ఎముక తగిలిందా? అక్కడ టేపు మొదలుపెట్టండి. భుజం చివరికి తీసుకురండి. ఊపిరి బిగబట్టకండి, మామూలుగా నిలబడండి."

"మామూలుగా నిలబడితే వంగి ఉంటుందండీ."

"అలాగే ఉండనివ్వండి. మీరు ఎలా ఉంటారో నాకు అదే కావాలి."

చిట్టి తను అన్న మాట తను విని నాలుక కరుచుకుంది.

"నేలనుంచి కుడి భుజానికి యాభై ఏడున్నర" అన్నాడు మెల్లగా. "ఎడమ భుజానికి యాభై ఆరు. తేడా అంగుళంన్నర. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు నేనీ లెక్క. ఆ ముసలాయనకీ చెప్పలేదు, ఆయనే కొలుచుకున్నాడు."

"రాసుకున్నాను" అంది చిట్టి.

"ఇప్పుడు మీ వంతు. గూట్లో నా స్కేలుంది. నేలనుంచి మీ మోచేతికి ఎంతో చెప్పండి."

"ఎందుకు?"

"దిమ్మలు తీసేశాను. కానీ ఆ బల్ల మీక్కూడా కొంచెం కిందకే ఉందని అనుమానం. సాయంత్రానికి మెడ వెనక నొప్పి వస్తుందా?"

వస్తుంది. పదేళ్ళుగా వస్తోంది, వయసు వల్ల అనుకుంటోంది. కొలిచి చెప్పింది. అతను లెక్క వేసి, "అంగుళం పెంచితే సరిపోతుంది. పెంచమంటారా? వద్దంటే ముట్టుకోను" అన్నాడు. అడిగి చేస్తున్నాడు కదా అని చిట్టికి ఎంత ముచ్చటేసిందంటే, సరే అనడానికి ఫోను ముందు తల ఊపింది. తల ఊపితే అవతలికి కనబడదని తర్వాత గుర్తొచ్చింది.

మర్నాడు క్రిస్మస్. సందులోవాళ్ళంతా వీధి మధ్యలో బల్లలు కలిపి వేసి ఒకేచోట భోజనం చేశారు. నర్సు పెద్దమ్మ కేకు కోసింది, పిల్లలు పాటలు పాడారు, చిట్టి కనబడ్డ ప్రతి పిల్లాడి గుండీ సరిచేసింది. ఆ రోజు వడ్రంగి మూడుసార్లు ఫోను చేశాడు. మొదటిసారి శుభాకాంక్షలకి. రెండోసారి కోటు ఎంతవరకు వచ్చిందో కనుక్కోవడానికి. మూడోసారికి సాకు దొరకలేదు కాబోలు, వంటింట్లో జల్లెడ ఎక్కడుందని అడిగాడు. జల్లెడతో ఏం పని అని చిట్టి అడిగితే నీళ్ళు నమిలాడు.

అక్క కూడా చేసింది. "పండగపూట నీ ఇల్లు ఎలా ఉందో చూద్దామని వెళ్ళానే. ఆ మనిషి తలుపు తీసి, లోపలికి రండని నన్ను పిలిచాడు! మన ఇంట్లో అతను నాకు టీ ఇవ్వడమేంటే? టీ బాగానే ఉందనుకో. ఆదివారం పాప బాప్తిస్మానికి కూడా రమ్మన్నాడు. భుజం ఒకటి వంగింది పాపం." వెంటనే అసలు సంగతికి వచ్చింది. "కళ్ళజోళ్ళాయన అడుగుతున్నాడు. ఒకటో తారీకు దగ్గరపడుతోంది. ఏం ఆలోచించావు?"

"ఆలోచిస్తున్నాను" అంది చిట్టి. అబద్ధం కాదు. ఆలోచిస్తున్నది మాత్రం అంగుళంన్నర గురించి.

ఇరవై ఆరున పార్సిలు ఆఫీసుకి వెళ్తే తలుపు మీద కాగితం అంటించి ఉంది: సెలవులు, సోమవారం తెరవబడును. బాప్తిస్మం ఆదివారం పదకొండింటికి. ఆ మాట వినగానే నర్సు పెద్దమ్మ, "అయితే నువ్వే వెళ్ళు. అరిటాకులా వణుకుతావేంటి, కోటు ఇవ్వడానికే కదా" అంది. చిట్టి చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది. నాడి సంగతి ఆవిడకి తెలిసిపోయే ఉంటుంది.

ఆదివారం మొదటి బస్సుకి బయల్దేరి తొమ్మిదిన్నరకి చిట్టి తన ఇంటి ముందు నిలబడి, తన ఇంటి గంట తనే కొట్టింది. తలుపు తీసిన మనిషి పొడుగరి. నలభై రెండేళ్ళుంటాయి. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, జుట్టుకి కొంచెం రంపపు పొట్టు అంటుకుంది. లోపలికి రండని ఎవరు ఎవర్ని పిలవాలో ఇద్దరికీ తెలియలేదు. ఒకేసారి ఇద్దరూ పక్కకి తప్పుకున్నారు, మళ్ళీ ఒకేసారి ముందుకొచ్చారు.

"టైము లేదు" అంది చిట్టి, తన భయాన్ని పనిలోకి తోసేసి. "అద్దం ముందుకి పదండి."

కోటు తొడిగింది. వెనక్కి వెళ్ళి చూసింది. వీపు కుదిరింది, కుడివైపు కుదిరింది. ఎడమ భుజం చివర ఒక్క పావంగుళం జారింది. ఫోనులో కొలత కదా, ఆమాత్రం పోతుంది. చిట్టి ఎత్తుపీట లాక్కుని ఎక్కి, నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని, అంచు విప్పి సరిచేయడం మొదలుపెట్టింది. ఆమె తల అతని తలకి సమానంగా వచ్చింది.

"మీ నోట్లో సూదులున్నాయి, మీరు మాట్లాడలేరు" అన్నాడతను అద్దంలోకి చూస్తూ. "నాకిదే మంచి అదను. ఎదురుగా మాట్లాడితే చెప్పలేను. జల్లెడ నాకు అక్కర్లేదండీ. ఆ రోజు మీ గొంతు ఇంకోసారి వినాలనిపించింది. రెండో తారీకున మీ ఇల్లు మీకొస్తుంది, నా ఇల్లు నాకొస్తుంది. ఆ తర్వాత ఫోను చేయడానికి కోటూ ఉండదు, బల్లా ఉండదు. అది తల్చుకుంటే బాగోలేదు. అంతే. మీకు ఇష్టం లేకపోతే నేనేమీ అననట్టే."

చిట్టి సూది ఆపలేదు. కుట్టు పూర్తిచేసి, దారం తుంచి, నోట్లోంచి ఒక్కొక్క గుండుసూదీ తీసి సూదుల దిండుకి గుచ్చింది. నాలుగు సూదులు గుచ్చడానికి పట్టినంతసేపు అతను ఊపిరి తీసుకోలేదు.

"సాకు లేకుండానే చేయండి" అంది.

బాప్తిస్మంలో పాప నీళ్ళు పడగానే చర్చి ఎగిరిపోయేలా ఏడ్చి, మేనమామ భుజం మీద వాలగానే ఊరుకుంది. ఎడమ భుజమే. ఫోటోలు తీసేటప్పుడు అతను చివరికి వెళ్ళలేదు. పాపనెత్తుకుని సరిగ్గా మధ్యలో నిలబడ్డాడు. జనం వెనక బెంచీ మీద చిట్టి అది చూసింది. చిట్టి మొహాన్ని పక్కనే కూర్చున్న అక్క చూసింది.

సాయంత్రం బస్సుస్టాండుకి అక్క కూడా వచ్చింది. మార్పిడి గడువు ఇంకా ఉంది, చిట్టి ఆ ఊరికి తిరిగి వెళ్ళాలి. టికెట్టు కొని సంచి పెట్టుకుని ఇద్దరూ బెంచీ మీద కూర్చున్నాక అక్క మొదలుపెట్టింది.

"నాకు కళ్ళున్నాయే. అన్నీ చూశాను. మంచివాడే, కాదనను. కానీ మూడున్నర గంటల ప్రయాణం దూరంలో ఉన్న మనిషి. ఇవాళ ఫోను చేస్తాడు, రేపు మానేస్తాడు. కళ్ళజోళ్ళాయన రెండు వీధుల అవతల ఉన్నాడు. పిలిస్తే పలుకుతాడు." అక్క చిట్టి వైపు తిరిగింది. "ఆ రోజు తలుపు బద్దలు కొట్టించి లోపలికొస్తే నువ్వు నేల మీద ఉన్నావు. పోయావనుకున్నాను. నీకేం తెలుసు? నీకు ఒంటి మీద తెలివి లేదు. నాకింకా కలలోకి వస్తుంది. మళ్ళీ జ్వరమొస్తే ఎవరున్నారే నీకు?"

చిట్టి అక్క చెయ్యి పట్టుకుంది. ఇన్నాళ్ళూ అక్కది పట్టుదల అనుకుంది. భయమని ఇప్పుడు తెలిసింది. తన భయమే అక్కకీ ఉంది, ఇంకా ఎక్కువే ఉంది. అందుకే కోపం రాలేదు, అబద్ధం చెప్పాలనీ అనిపించలేదు.

"జ్వరం ఏడాదికి మూడు రోజులక్కా" అంది. "ఆ మూడు రోజులకి నీ దగ్గర తాళంచెవి పెడతాను, పక్కింటి వాళ్ళకి ఇంకోటి ఇస్తాను. మిగతా మూడొందల అరవై రెండు రోజులూ నేను బాగానే ఉంటాను. మిషను ముందు కూర్చుని ఉంటాను. ఆ రోజులకి సరిపోయే మనిషి కావాలి నాకు. కళ్ళజోళ్ళాయన జ్వరానికి సరిపోతాడు. పాపం, నాకు సరిపోడు."

అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. అటు చూసింది, ఇటు చూసింది. "నీ నోటికి నేను చాలను" అంది. "ఆయనకి నన్ను చెప్పమంటావా?"

"వద్దు. మంచి మనిషి, నా నోటితోనే వినాలి. రాత్రి కాకముందే చేస్తాను."

బస్సు వచ్చింది. చిట్టి ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. అక్క సంచి అందించి, కిటికీ ఊచ పట్టుకుని వదలకుండా నిలబడింది. డ్రైవరు హారను కొట్టాడు. అప్పుడు అక్కకి ఇంకో ప్రశ్న తోచింది. చిట్టిని ఎలాగైనా ఇరికిద్దామని కాదు, నిజంగానే తోచింది.

"మరి అతనికి జ్వరమొస్తే?"

"నేను చూసుకుంటాను" అంది చిట్టి.

ఆలోచించకుండా వచ్చేసింది ఆ మాట. మూడున్నర గంటల దూరం గుర్తు రాలేదు, చూసి ఒక్క పూటే అయిందని గుర్తు రాలేదు. ఇద్దరూ ఆ మాట విన్నారు. అక్క కిటికీ ఊచ వదిలేసి, బస్సు కదిలేదాకా అక్కడే నిలబడి చెల్లెలి వంక చూస్తూ ఉండిపోయింది.